సుక్రి తెచ్చిన దుప్పటి

ఎండలు ముదిరి 58వ రోజు. తడిగుడ్డ 30.1. ఊరి పుస్తకంలో 30.1.

ఇది ఊరి పుస్తకం కాదు. ఊరి పుస్తకంలో రోజు, అంకె తప్ప ఇంకేమీ రాయకూడదని మా ఊరి పెద్ద డుంబు తాత కట్టడి చేశాడు. పోయిన వారం అంకె పక్కన నేను రెండు ముక్కలు రాశానని అందరినీ కూర్చోబెట్టి మరీ, "నీ ఏడుపు ఇందల రాయకే బుద్రీ, సూసినోళ్ళు నవ్వుతారు" అన్నాడు. సరే. నా ఏడుపుకి నేనే వేరే పుస్తకం కుట్టుకున్నాను.

నా పని చెప్తాను. పనసచెట్టు నీడలో ఒక గాజుగొట్టం వేలాడుతూ ఉంటుంది. మిట్టమధ్యాహ్నం దాని గుండుకి తడిగుడ్డ చుట్టి, కాసేపు విసిరి, అంకె చూడాలి. ఎండ ఎంతన్నా ఉండనీ, చెమట ఆరుతున్నంతసేపూ మనిషి బతుకుతాడు. చెమట ఆరడం మానేస్తే నీడలో కూర్చున్నా పోతాడు. ఆ సంగతి చెప్పేది తడిగుడ్డే. వరసగా మూడు రోజులు 31 దాటితే ఊరు ఊరంతా లేచి పైకొండకి పోవాలి. సముద్రం ఎక్కొచ్చి, కింద ఊళ్ళన్నీ ఖాళీ అయిపోయాక మా చింతగరువే అట్టడుగు ఊరు. ముప్పై ఒక్క గడప.

అంకె చూశాక అద్దం పట్టుకుని బండెక్కి, పైన పిట్టలమెట్టకి మెరుపులతో అంకె పంపుతాను. అక్కడివాళ్ళు నా అంకె నాకే తిరిగి మెరిపించి, ఆనక తమ అంకె చెప్తారు. అక్కడ అద్దం పట్టేది సుక్రి. నా చెల్లెలు. నేను బుధవారం పుట్టాను కాబట్టి బుద్రి, అది శుక్రవారం పుట్టింది కాబట్టి సుక్రి. మా అమ్మ పేర్ల కోసం పెద్దగా కష్టపడలేదు.

ఇవాళ దాని అంకె 26.1. రెండు కొండలకీ తేడా ఎప్పుడూ నాలుగే. పదకొండేళ్ళుగా నాలుగే. పైన పొద్దున్నే దుప్పట్లు కప్పుకుని కూర్చుంటారట. దుప్పట్లు.

61వ రోజు. తడిగుడ్డ 30.4. ఊరి పుస్తకంలో 30.4.

గాడిద మీద ఉప్పు తెచ్చే ముసలాయన పైనుంచి దిగాడు. సుక్రి ఏటా పంపే కాఫీ గింజల మూట నా చేతిలో పెట్టాడు. మా ఎత్తులో కాఫీ మొక్క మాడి పదేళ్ళయింది. మూట వాసన చూశాను, చూడకుండా ఉండలేకపోయాను. తర్వాత తీసుకెళ్ళి మేకల ముందు పోశాను. మేకలు కూడా ముట్టలేదు. మళ్ళీ ఒక్కో గింజా ఏరి గూట్లో పెట్టాను. ఇంట్లో ఇప్పటికి అలాంటి మూటలు పదకొండు ఉన్నాయి.

"మీ సెల్లికి జలుబు సేసిందమ్మా, మాటకో తుమ్ము" అన్నాడు ముసలాయన. 

ఒళ్ళు మండింది. మా ఊళ్ళో మనిషి తుమ్మి ఎన్నేళ్ళయిందో. నా కూతురు జమునకి ఇరవై ఏళ్ళు. చలంటే ఏమిటో దానికి తెలీదు. వాళ్ళకి జలుబులు చేస్తున్నాయట, కాళ్ళు పగులుతున్నాయట, నెగడేసుకుని చుట్టూ కూర్చుంటున్నారట. వినలేక లోపలికి పోయాను.

అద్దం పట్టడం దానికి నేర్పింది నేను. పొడుగు మెరుపు పది, పొట్టి మెరుపు ఒకటి అని చెయ్యి పట్టుకుని నేర్పాను. పిట్టలమెట్టలో అద్దం పట్టే ముసలామె పోయినప్పుడు, మీ ఊరినుంచి ఒకర్ని పంపండని వాళ్ళు అడిగారు. నేనే వెళ్తాననుకున్నాను, ఊరంతా అలాగే అనుకుంది. వాళ్ళు ఒక్క నోటికే తిండి పెట్టగలమన్నారు. నాకు మొగుడు, తొమ్మిదేళ్ళ జమున. మూడు నోళ్ళు. సుక్రిది ఒకటే నోరు. అది ఎక్కింది, నేను ఉండిపోయాను. మా ఆయన ఆ మరుసటేడే పాము కరిచి పోయాడు. అప్పుడు నాకూ రెండే నోళ్ళు మిగిలాయి గానీ మళ్ళీ ఎవరూ అడగలేదు.

64వ రోజు. తడిగుడ్డ 30.9. ఊరి పుస్తకంలో 30.9.

జమునకి ఏడో నెల. కాళ్ళు వాచాయి. చోళ్ళ అంబలి తాగితే నిలవడం లేదు. పగలంతా చలిగదిలోనే ఉంచుతున్నాను. చలిగది అంటే కొండలోకి తవ్విన గది. పైన పలకలు ఎండని తాగి లోపల చల్లటి గాలి తోలుతాయి. రోజూ పొద్దున్నే ఆ పలకల మీద దుమ్ము తుడిచేది కూడా నేనే. పాతకాలపు యంత్రం, నాలాగే గొణుగుతుంది.

"పైకెల్లిపోతే మేలు కదేటే అమ్మా" అంది జమున.

"అంకె రావాల" అన్నాను.

"పిన్నుంది కదా."

"పిన్ని ఉంది కాబట్టే."

అది గోడవైపు తిరిగి పడుకుంది.

ఎందుకు వెళ్ళలేనో ఇక్కడ రాసుకుంటాను. రెండు కొండల నడుమ గీతరాయి ఉంది. దాని పద్ధతులు మూడు. కిందవాళ్ళని పైవాళ్ళు పిలవకూడదు. పిలిస్తే వచ్చినవాళ్ళందరికీ ఏడాదిపాటు పిలిచినవాళ్ళే తిండి పెట్టాలి. ఒకప్పుడు అలా పిలిచి రెండు ఊళ్ళూ పస్తులున్నాయి. అందుకని కిందవాళ్ళే అడగాలి. కింది ఊళ్ళో అంకె చూసే మనిషి గంప నెత్తిమీద బోర్లించుకుని రాయి దగ్గరికి వెళ్ళి, పై ఊళ్ళో అంకె చూసే మనిషిని, "మీ నీడలో చోటుందా?" అని మూడుసార్లు అడగాలి. అడిగి ఎక్కినవాళ్ళు ఏడాది వాళ్ళ పొలాల్లో వంగి పని చెయ్యాలి, కూటంలో నోరెత్తకూడదు. మూడో పద్ధతి పులి కొట్టినవాళ్ళ కోసం పెట్టింది. పై ఊరి మనిషి దెబ్బతిని పడిపోతే, మోసుకెళ్ళినవాళ్ళని రాయి దగ్గర ఆపకూడదు. వాళ్ళు చుట్టాలు. ఎన్ని భుజాలు మోస్తే అన్ని భుజాలకీ చోటు. ఇప్పుడు పులీ లేదు, ఆ పద్ధతి ఊసూ ఎవరికీ పట్టలేదు.

అంటే నేను గంప బోర్లించుకుని సుక్రి ముందు నిలబడాలి. మూడుసార్లు. అద్దం ఎలా పట్టాలో నేను నేర్పినదాని ముందు.

66వ రోజు. తడిగుడ్డ 31.2. ఊరి పుస్తకంలో 31.2.

దాటింది. డుంబు తాత గంప ఒకటి తెచ్చి మా అరుగు మీద పెట్టి పోయాడు.

67వ రోజు. తడిగుడ్డ 31.4. ఊరి పుస్తకంలో 31.4.

రెండో రోజు. ఊళ్ళో అందరూ మూటలు కడుతున్నారు. కొందరు నవ్వుతున్నారు కూడా. "మీ సెల్లే కదేటి బుద్రీ, మనకి బెంగనేదు" అంటున్నారు. నా బెంగంతా అదే అని ఎవరికి చెప్పను.

68వ రోజు. తడిగుడ్డ 31.6. ఊరి పుస్తకంలో 30.8.

రాసేశాను. చెయ్యి వణకలేదు. వణికితే బావుండేది.

చూడబోతే మబ్బు పట్టేలా ఉంది, రేపు ఎలాగూ తగ్గుతుంది, ఒక్క రోజు మార్చితే మళ్ళీ ఒకటి నుంచి లెక్క మొదలవుతుంది, ఈలోగా వాన పడుతుంది అని నాకు నేనే చెప్పుకున్నాను. డుంబు తాత పుస్తకం చూసి, "బతికిపోనాం" అని గంప తీసుకుపోయాడు. మూటలు విప్పారు. జమున మాత్రం మూట విప్పలేదు.

అద్దంతో 30.8 పంపాను. రోజూ వెంటనే తిరిగొచ్చే అంకె ఇవాళ రాలేదు. చాలాసేపటికి మూడు పొట్టి మెరుపులు వచ్చాయి. "మళ్ళీ చెప్పు" అని. మళ్ళీ 30.8 పంపాను. మళ్ళీ మూడు మెరుపులు. మూడోసారి కూడా అదే పంపాను. అప్పుడు తన అంకె చెప్పింది. 27.6.

27.6కి నాలుగు కలిపితే ఎంతో నాకూ తెలుసు, దానికీ తెలుసు. మూడుసార్లు అడిగింది. గంప లేకుండా నన్నే అడిగింది. అంత ఎత్తున కూర్చుని నన్ను నిలదీసే అధికారం దానికి ఎవరిచ్చారు?

69వ రోజు. తడిగుడ్డ 31.7. ఊరి పుస్తకంలో 30.9.

మబ్బు పట్టలేదు. చలిగది యంత్రం పొద్దున రెండుసార్లు ఆగింది. మూడోసారి కాలితో తన్నితే తిరిగింది. జమున నిన్నటి నుంచి నాలుగుసార్లు వాంతి చేసుకుంది. "లోపల కదుల్తున్నాదా?" అని అడిగాను. "కదుల్తున్నాది. నీకేటి?" అంది. 

నిజం చెప్పెయ్యాలని అరుగు దిగాను. డుంబు తాత ఇంటి దాకా వెళ్ళాను. అక్కడ ఆయన ఇంటి ఆడవాళ్ళు మాట్లాడుకుంటున్నారు. "సుక్రి రాయి కాడికొచ్చి మనల్ని తీసుకెల్తాదంట, మనిషి బంగారం" అని. వెనక్కి తిరిగొచ్చేశాను.

అవును, కుళ్ళే. నా కడుపులో పెరిగిన పిల్ల, దాని కడుపులో పెరుగుతున్న పిల్ల ఒకవైపు ఉన్నారు, ఈ కుళ్ళు ఒకవైపు ఉంది. అయినా గంప నెత్తికెత్తుకోలేకపోతున్నాను. రేపు చెప్తాను. రేపు తప్పకుండా.

అద్దం దగ్గర ఇవాళ సుక్రి ఏమీ అడగలేదు. నా అంకె తిరిగి చెప్పలేదు, తన అంకే చెప్పలేదు. కొండ మీద అసలు మెరుపే లేదు.

70వ రోజు. తడిగుడ్డ 31.9. ఊరి పుస్తకంలో ఏమీ రాయలేదు.

రెండు రోజుల తర్వాత, పిట్టలమెట్టలో కూర్చుని ఇది రాస్తున్నాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దు నడినెత్తికి వస్తుండగా గీతరాయి మీద ఎవరో కూర్చుని కనపడ్డారు. ఊరినుంచి చూస్తే ఆ రాయి బాగా కనపడుతుంది. భుజాన దుప్పటి, చేతిలో పొడుగు వెదురుబొంగు. సుక్రి. పదకొండేళ్ళ తర్వాత మొదటిసారి దాన్ని అంత దగ్గరగా చూడడం. లావెక్కింది.

నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. దుప్పటి మోసుకొచ్చింది, ఈ ఎండలో, మాకు చూపించడానికి. ఆ బొంగొకటి, మనిషికి రెండింతలు. కొండ దిగడానికి అంత బొంగెందుకు, పైవాళ్ళ షోకు కాకపోతే. పిలవకూడదు కాబట్టి పిలవదు. నేను వెళ్ళి అడిగేదాకా అక్కడే కూర్చుని ఊరందరి కళ్ళముందూ నన్ను కరిగించాలని చూస్తోంది. సరే, కూర్చోనీ అనుకున్నాను.

"ఆ రాయి కాడ నీడ నేదు బుద్రీ. పైనోళ్ళు ఈ ఎండకి ఆగలేరు. ఎల్లి పలకరించు" అన్నాడు డుంబు తాత.

"కాళ్ళున్నాయిగా, కావాలంటే అదే వస్తాది" అన్నాను.

అలా చాలాసేపు అయింది. నేను తడిగుడ్డ చుట్టాను, విసిరాను, అంకె చూశాను. 31.9. మా ఒళ్ళు ఏళ్ళ తరబడి కొంచెం కొంచెంగా ఈ వేడికి అలవాటుపడింది. దాని ఒళ్ళు దుప్పటికి అలవాటుపడింది. ఆ సంగతి నాకు తెలియదని అనను. అంకెలు చూసేదాన్ని, నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? తెలిసే కూర్చున్నాను.

తలెత్తి చూసేసరికి రాయి మీద ఎవరూ లేరు. పక్కన పడి ఉంది.

ఎలా పరిగెత్తానో తెలీదు. ఒళ్ళు కాలిపోతోంది, చెమట చుక్క లేదు, కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ నన్ను చూడడం లేదు. తెచ్చుకున్న నీళ్ళ సొరకాయ బుర్ర నిండుగా ఉంది. గుక్కెడు కూడా తాగలేదు. ఎత్తుకుని ఊటదాకా తెచ్చి నీళ్ళల్లో పడుకోబెట్టాం. చలిగదికి తీసుకెళ్దామంటే యంత్రం అప్పటికే ఆగిపోయింది, తన్నినా తిరగలేదు.

"ముప్పై చిల్లర కదేటి అంకె? ఇంత దెబ్బ ఎలా కొట్టిందీ?" అన్నాడు డుంబు తాత.

అప్పుడు చెప్పాను. "అంకె అబద్ధం తాతా. రెండు రోజులుగా అబద్ధమే. ఇవాళ ముప్పై రెండుకి ఒక్క గీత తక్కువ."

ఎవరూ తిట్టలేదు. తిడితే తట్టుకునేదాన్ని. జమున నా వైపు చూసి, రెండు చేతులతో పొట్ట పట్టుకుని అవతలికి జరిగింది.

పొద్దు కొండ వెనక్కి వాలాక పైకి తీసుకెళ్దామనుకున్నాం. పైన గాలికైతేనే బతుకుతుంది. డోలీ కట్టాలి, మా కొండల్లో లేవలేని మనిషిని అలాగే మోస్తాం. రెండు కొసలు కట్టడానికి దుప్పటి కావాలి, నడుమ గుచ్చడానికి బొంగు కావాలి. మా ఊళ్ళో దుప్పటి ఎక్కడిది? దాని దుప్పటే తీశాను. మడత విప్పితే రెండు కొసలకీ ముడులు ముందే వేసి ఉన్నాయి. బొంగు ఆ ముడుల్లోంచి దూర్చాను. సరిగ్గా సరిపోయింది.

చేతులు అక్కడే ఆగిపోయాయి. ఎవరో "కానియ్యే, పొద్దోతాది" అన్నారు. కర్ర, దుప్పటి, ముడులు, తాగని నీళ్ళు. తనని మొయ్యడానికి కావలసినవన్నీ తనే మోసుకొచ్చుకుంది.

డుంబు తాతకి నాకన్నా ముందే అర్థమయింది. "ఒలమ్మా, మూడో పద్ధతి" అని కూలబడ్డాడు. తర్వాత లేచి, "ఒక్కడూ ఇంటికాడ ఉండకూడదు. ఊరంతా రావాల. ప్రతి మనిషీ నాలుగు అడుగులైనా మొయ్యాల" అన్నాడు.

ముప్పై ఒక్క గడపా కదిలాం. ఇద్దరిద్దరు చొప్పున భుజం మార్చుకుంటూ ఎక్కాం. డుంబు తాత పది అడుగులు మోశాడు. చంటిపిల్లల తల్లులు పిల్లల్ని పక్కవాళ్ళకిచ్చి మోశారు. దారిలో ప్రతి వాగు దగ్గరా ఆగి సుక్రి మీద నీళ్ళు పోశాం. గీతరాయి దగ్గర జమున వచ్చి బొంగు కింద భుజం పెట్టింది. వద్దనబోయాను. "నా బిడ్డకీ సోటు కావాల" అంది. నా ముందే నాలుగు అడుగులు లెక్కపెట్టి వేసింది. అవతలి కొస నా భుజం మీద ఉంది.

చీకటి పడకముందే పిట్టలమెట్ట వాళ్ళు ఎదురొచ్చారు. డోలీలో ఎవరో చూశారు, వెనక ఎంతమందిమో చూశారు. ఎవరూ గంప అడగలేదు.

పిట్టలమెట్ట, 4వ రోజు. తడిగుడ్డ 27.7. ఎవరు చూశారో తెలీదు.

సుక్రి కళ్ళు తెరిచింది. మాట కొంచెం మెలితిరుగుతోంది. కుడిచెయ్యి వణుకుతోంది. తగ్గొచ్చు, తగ్గకపోవచ్చు అంటున్నారు.

నన్ను చూసి, "కాఫీ తాగినావా అప్పా ఏనాడైనా?" అంది. పదకొండేళ్ళ తర్వాత మొదటి మాట.

"సచ్చిపోతే ఏటి సేద్దువే?" అని అరిచాను.

"నువ్వు సూస్తన్నావు కదా కిందనుంచి. పరిగెత్తుకొస్తావనుకున్నాను." కాసేపు ఊపిరి తీసుకుంది. "కొంచెం ఆలీసం సేసినావు."

ఆ ఆలస్యం ఎంతో, ఎందుకో దానికి తెలుసు. అయినా 'కొంచెం' అంది.

పిట్టలమెట్ట, 9వ రోజు. తడిగుడ్డ 27.9. ఊరి పుస్తకంలో 27.9.

కూటం జరిగింది. మేం చుట్టాలం కాబట్టి నోరెత్తొచ్చు. సుక్రి చెయ్యి అద్దం పట్టదు, ఎవరు పడతారని అడిగారు. "మా అప్ప" అంది సుక్రి. డుంబు తాత వెంటనే, "దాని సేతికేటి, మళ్ళా?" అన్నాడు. తప్పు లేదు, నేనైనా అదే అంటాను. "అంకె నాను సూస్తాను, అద్దం అది పడతాది. ఇద్దరం పక్కపక్కనే కూకుంటాం" అంది సుక్రి.

ఇవాళ పట్టాను. మా పైన ఇంక ఒక్క కొండే ఉంది, బోడిమెట్ట. అక్కడ అద్దం పట్టే మనిషి ఎవరో నాకు తెలీదు, మా చుట్టం కాదు. 27.9 ఉన్నది ఉన్నట్టు పంపాను. పంపాక అలవాటుకొద్దీ కిందకి, చింతగరువు బండ వైపు చూశాను. అక్కడ ఎవరూ లేరు.

జమున ఇంకా నాతో మాట్లాడడం లేదు. దాని అంబలి మాత్రం నిలుస్తోంది. సుక్రి ఇంట్లో, సుక్రి పక్కన పడుకుంటుంది. పిన్నీ పిన్నీ అని ఒకటే కబుర్లు. వింటూ గోడవతల కూర్చుంటాను.

కుళ్ళు తగ్గిందా అంటే తగ్గలేదు. ముందు దాని చలిని చూసి ఏడ్చాను, దాని కాఫీని చూసి ఏడ్చాను. అవన్నీ ఇప్పుడు నాకూ ఉన్నాయి. ఇప్పుడు దాన్నే చూసి ఏడుస్తున్నాను. దాని మనసులో సగమైనా నాకెందుకు పుట్టలేదని.

సాయంత్రం ఉండబట్టలేక అడిగాను. నెగడు దగ్గర ఇద్దరమే ఉన్నాం.

"ఒలే, నువ్వు కింద ఉండి నాను పైన ఉంటే, నాను అలా దిగి వొద్దునేటే?"

అది ఆలోచించలేదు. "రావు" అంది.

"మరి తెలిసీ ఎందుకు దిగినావు?"

"అందుకే దిగినాను. నువ్వు అడగలేవు. అడగలేనోళ్ళ కోసం ఎవరో ఒకరు దిగాల కదా."

నేను ఏదో అనబోయాను. ముక్కు దురద పెట్టింది, తుమ్ము వచ్చింది. ఒకటి కాదు, వరసగా నాలుగు. సుక్రి వంకరపోయిన మూతితో నవ్వి, వణికే చేత్తో దుప్పటి సగం నా మీదకి లాగింది. ముడుల ముడతలు ఇంకా పోలేదు దానికి. గోడవతలనుంచి జమున, "పిన్నీ, అమ్మకి జలుబు సేసిందేటి?" అని అడిగింది.